ఎస్టేట్ సేల్‌లో దొరికిన ఇటలీ పూలకూజాల జత: 16వ శతాబ్దమా, 19వ శతాబ్దమా?

ట్రెంటన్ బాబాయ్
అందరికీ నమస్కారం. పోయిన శనివారం మా ఊరి దగ్గర ఒక పాత ఇంట్లో ఎస్టేట్ సేల్ (ఇంట్లోని సామానంతా అమ్మేయడం) జరిగితే వెళ్లి ఒక జత పూలకూజాలు తెచ్చుకున్నాను. ఒక్కోటి 16 అంగుళాల పైన ఎత్తు ఉంటుంది. తెల్లటి నేల మీద పసుపు, నారింజ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో చేత్తో వేసిన బొమ్మలు. నడుము దాకా మనిషి, అక్కణ్నుంచి ఆకుతీగ. రెక్కల గుర్రాలు. మధ్యలో గుండ్రటి చట్రంలో శిరస్త్రాణం పెట్టుకున్న సైనికుడి తల. పక్కనున్న పిడులు రెండు పాములు మెలేసుకున్నట్టు ఉండి, కింద గడ్డం ముసలాయన మొహం దగ్గర ఆగుతాయి. అమ్మకం చీటీ మీద "ఉర్బినో, 16వ శతాబ్దం" అని రాశారు. జతకి 340 డాలర్లు ఇచ్చాను.

అడుగున ఆకుపచ్చ ఫెల్టు గుడ్డ అంటించేశారు, ముద్ర ఏదైనా ఉందో లేదో తెలియదు. ఒకదాని మూతిలోంచి టార్చ్ వేసి చూస్తే అడుగున గుండ్రంగా రంధ్రం ఉంది. ఇవి నిజంగా అంత పాతవేనా? తెలిసినవాళ్లు చెప్పగలరు. ఫొటోలు పెట్టాను.

గుంటూరు ఘాటు
బాబాయ్, అసలైన 16వ శతాబ్దం ఉర్బినో సరుకు వేలంలో లక్షల డాలర్లు పలికిన సందర్భాలున్నాయి. అలాంటి జతని 340కి ఎవడు వదిలేస్తాడు? టూరిస్టు దుకాణం సరుకు. చీటీ రాసిన చెయ్యికి ఖర్చేముంది.

పాతసామాను
16వ శతాబ్దం కాదన్నంత వరకు ఘాటు గారితో ఏకీభవిస్తాను. కానీ 16వ శతాబ్దం కాకపోతే టూరిస్టు సరుకే అనడం తొందరపాటు. మధ్యలో ఇంకో పెద్ద కాలం ఉంది.

ఇది తగరం కలిపిన తెల్లటి గ్లేజు (గాజులాంటి పూత) మీద రంగులు వేసే మట్టిపాత్ర, మయోలికా అంటారు. 1500ల్లో ఇటలీలో ఫాయెంజా, దెరూతా, గుబ్బియో, ఉర్బినో, కాస్తెల్ దురాంతే లాంటి ఊళ్లు దీనికి పేరుపడ్డాయి. తర్వాత 1710లో జర్మనీలోని మైసెన్‌లో పోర్సలీన్ (సన్నటి తెల్ల పింగాణీ) కార్ఖానా మొదలైంది, ఆ శతాబ్దంలోనే ఇంగ్లండు నుంచి చవకైన మీగడ రంగు మట్టిపాత్రల సరుకు వచ్చిపడింది. మయోలికాకి గిరాకీ పడిపోయింది. మళ్లీ 1840లు, 50ల నుంచి ఇటలీలో పాత పద్ధతులు వెతికి తీసి రినైసాన్స్ (15, 16 శతాబ్దాల ఇటలీ కళా పునరుజ్జీవనం) శైలిలో కొత్తగా చేయడం మొదలైంది. 1861లో దేశం ఏకమయ్యాక అది జాతీయ గౌరవం సంగతిగా కూడా మారింది. లండన్‌లో ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అని పిలిచే సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం అప్పటికే పాత మయోలికాని పెద్ద ఎత్తున కొంటోంది. కొనలేనివాళ్లకు అదే శైలిలో కొత్తది కావాలి. మీ కూజాలు ఆ బాపతు అని నా అనుమానం. ఆ కాలం జత అయితే 340 డాలర్లు మంచి ధరే.

అడుగు ఫొటో లేకుండా ఇంతకుమించి చెప్పలేను. ఫెల్టు తీయాలి.

కాకినాడ కాజా
పాములు, గడ్డం ముసలాయన, సగం మనిషి సగం తీగ. రాత్రి హాల్లోకి మంచినీళ్లకని వచ్చిన పిల్లలు జడుసుకుంటారు బాబాయ్.

ఆర్నో ఒడ్డు
బాబాయ్ గారూ, నేను ఫ్లోరెన్స్‌లో చదువుకుంటున్నాను. మీ ఫొటో చూడగానే బార్జెల్లో మ్యూజియం గుర్తొచ్చింది. అక్కడ ఉర్బినోలోని ఫొంతానా కుటుంబం కార్ఖానాలో చేసిన అసలు పాత్రలున్నాయి. తెల్లటి నేల, వింత రూపాలు, పాము పిడులు, అంతా ఇదే వరస.

ఉర్బినో సరుకు ఫ్లోరెన్స్‌కి ఎలా చేరిందంటే అదో పెళ్లి కథ. ఉర్బినో డ్యూకుల వంశం దెల్లా రోవెరే. 1631లో చివరి డ్యూక్ చనిపోతే రాజ్యం పోప్ చేతికి పోయింది. ఇంట్లోని వస్తువులు మాత్రం ఆయన మనవరాలు విత్తోరియాకు దక్కాయి. ఆమె ఫ్లోరెన్స్ మెదిచీ వంశానికి కోడలైంది, దాంతో ఆ వస్తువులన్నీ ఇక్కడికి వచ్చేశాయి. 1865లో బార్జెల్లో జాతీయ మ్యూజియంగా తెరిచారు. ఫ్లోరెన్స్ పరిసరాల్లోని కుమ్మరి కార్ఖానాల వాళ్లకి అసలు నమూనాలు కళ్లెదుటే ఉన్నాయన్నమాట. అందుకే ఈ శైలి కూజాలు ఇక్కడ అంత ఎక్కువగా తయారయ్యాయి.

ఆ వింత రూపాలను గ్రోతెస్కె అంటారు. 1480 ప్రాంతంలో రోమ్‌లో నీరో చక్రవర్తి బంగారు భవనం శిథిలాలు భూమి కింద బయటపడ్డాయి. చిత్రకారులు తాళ్లు కట్టుకుని దిగి, గోడల మీద బొమ్మలు చూసి నకలు తీసుకున్నారు. చిత్రకారుడు రఫాయెల్ బృందం వాటిని వాటికన్ వరండాల్లో వాడింది, ఆ పని 1519కి పూర్తయింది. అక్కణ్నుంచి పళ్లేల మీదికి, కూజాల మీదికి పాకాయి. రఫాయెల్ పుట్టింది ఉర్బినోలోనే కాబట్టి ఈ పాత్రలు ఆయనే చిత్రించాడని ఒకప్పుడు కథలు అల్లారు. అందులో నిజం లేదు.

మట్టిచేతులు
హైదరాబాద్‌లో చిన్న స్టూడియో నడుపుతాను, రోజూ మట్టితోనే పని. బాబాయ్ గారికి ఉపయోగపడుతుందని చేసేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

ముందు మట్టి పాత్రని ఒకసారి కాలుస్తారు, దగ్గర దగ్గర 1000 డిగ్రీలు. తర్వాత సీసం, తగరం భస్మం, ఇసుక కలిసిన ద్రవంలో ముంచి తీస్తారు. ఆరాక పైన తెల్లటి పొడి పొరలా నిలుస్తుంది. ఆ పొడి మీదే రంగులు వేయాలి. పొడి కుంచెలోని నీటిని గుటుక్కున తాగేస్తుంది. ఒకసారి గీత పడిందంటే చెరపడానికి లేదు, సాగదీయడానికి లేదు. సున్నం గోడ మీద తడి కుంచె పెట్టి చూడండి, చెయ్యి ఎంత వేగంగా నడవాలో తెలుస్తుంది. తర్వాత రెండోసారి కాలుస్తారు.

రంగులు కూడా మనకు నచ్చినవి కుదరవు, మంటకి తట్టుకునేవే వాడాలి. నీలానికి కోబాల్ట్, పచ్చకి రాగి, పసుపుకి ఆంటిమొనీ, నారింజకి ఇనుము, వంకాయ రంగుకి మాంగనీస్. మంచి ఎరుపు వాళ్లకి గగనం. అందుకే పాత మయోలికా అంతా నీలం, పసుపు, నారింజలతో కళకళలాడుతుంది.

కాస్తెల్ దురాంతేలో చిప్రియానో పికొల్పాస్సో అనే ఆయన 1557 ప్రాంతంలో ఈ పనంతా బొమ్మలతో సహా రాసిపెట్టాడు. బట్టీ వెలిగించే ముందు దేవుణ్ని తలుచుకోమంటాడు. ఆ వెంటనే చంద్రుడి కళ కూడా చూసుకోమంటాడు, కృష్ణపక్షంలో మంటకి కాంతి ఉండదట! మా పాత కుమ్మరి తాతలు వింటే సంతోషించేవారు. లోహపు మెరుపు వచ్చే లస్టర్ పని గురించి ఇంకా నిజాయితీగా రాశాడు. వంద పాత్రలు మంటలో పెడితే ఒక్కోసారి ఆరు కూడా బాగా రావట. ఆ చేతిరాత ప్రతి 1857లో రోమ్‌లో అచ్చయింది. అంటే 19వ శతాబ్దం వాళ్లకి తాతల రెసిపీ పుస్తకం అచ్చులో దొరికింది.

గుంటూరు ఘాటు
ఇవన్నీ వింటుంటే బాగానే ఉంది అక్కా. అయినా నకలు నకలే కదా? ముందొకడు చేసింది మూడొందల ఏళ్ల తర్వాత ఇంకొకడు చూసి గీశాడు. దానికి ఇంత హడావుడి ఎందుకు?

పాతసామాను
కొన్నవాణ్ని 16వ శతాబ్దం అని నమ్మించి అమ్మితే అది మోసం. తన ముద్ర వేసి అమ్మితే అది వ్యాపారం, కళ కూడా. ఆ రోజుల్లో రెండూ జరిగాయి. ఫ్లోరెన్స్ శిల్పి బస్తియనీనీ చేసిన బస్టు (తల, భుజాల వరకు ఉండే శిల్పం) ఒకటి రినైసాన్స్ కాలం నాటిదనుకుని 1866లో లూవ్ర్ మ్యూజియమే కొనేసింది, ఆ తర్వాత గుట్టు బయటపడింది. అంతటి వాళ్లే పడ్డారు.

కానీ జినోరీ లాంటి కార్ఖానా దాచుకోలేదు. ఫ్లోరెన్స్ పక్కన దోచ్చాలో 1735లో మార్కీస్ కార్లో జినోరీ పెట్టిన పోర్సలీన్ కార్ఖానా అది. 1850ల్లో అక్కడ జూస్తో జూస్తి అనే నిపుణుడు మరుగునపడిన లస్టర్ పద్ధతిని మళ్లీ సాధించాడు. 1855 పారిస్ ప్రదర్శనకి ఈ కొత్త మయోలికాని సగర్వంగా పంపారు. దొంగసరుకు అయితే ప్రదర్శనలో ఎందుకు పెడతారు? అదే సమయంలో గుబ్బియోలోనూ లస్టర్ మీద ప్రయత్నాలు జరిగాయి. 16వ శతాబ్దంలో మాయెస్ట్రో జోర్జో అనే ఆయన లస్టర్‌తో పేరు తెచ్చిన ఊరు అది. మూడు తరాల కిందట ఆగిపోయిన రాగాన్ని మళ్లీ పాడటం లాంటి పని అని నేననుకుంటాను. పాత రాగం పాడినంత మాత్రాన దొంగ అనం కదా.

చార్మినార్ చాయ్
చిన్న పిట్టకథ. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ ఉంది కదా, చెక్కింది బెంజోనీ. మొదటి సాలార్ జంగ్ 1876లో యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో కొన్నారు. ఇటలీ కళాకారులు పాత విద్యని విదేశీ యాత్రికుల అభిరుచికి తగ్గట్టు చేసిపెడుతున్న కాలమే అది. బాబాయ్ కూజాలు కూడా అలాగే ఏ అమెరికా యాత్రికుడి పెట్టెలోనో సముద్రం దాటి ఉంటాయి. మన దగ్గర ఆ బొమ్మ ముందు జనం గుంపులు కడతారు, నకలా అసలా అని ఎవరూ అడగరు.

ఆర్నో ఒడ్డు
ఫెల్టు తీసేటప్పుడు జాగ్రత్త బాబాయ్ గారూ. చాకుతో గీకొద్దు. హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి కొద్దిగా చూపించి, జిగురు మెత్తబడ్డాక అంచు పట్టుకుని నెమ్మదిగా లాగండి. అడుగున గ్లేజు లేని చోట మట్టి నీళ్లు పీలుస్తుంది కాబట్టి నీళ్లలో నానబెట్టొద్దు.

తీశాక ఇవి చూడండి. గోధుమరంగు మట్టిలో వేలిముద్రలా నొక్కిన జినోరీ పేరు గానీ, దాని మీద కిరీటం గానీ ఉందా? కుంచెతో నీలంగా వేసిన గుర్తు ఏమైనా ఉందా? "ఇటలీ" అన్న మాట ఇంగ్లీషులో ఉందా?

పాతసామాను
ఇంకో పరీక్ష. ఆకుపచ్చ రంగు వేసిన చోట్లని లెన్స్‌తో చూడండి. రాగి పచ్చ గ్లేజులోకి కాస్త పాకుతుంది, అంచులు మెత్తగా ఉంటాయి. క్రోమియం పచ్చ గీసిన చోటే చిక్కగా నిలబడుతుంది. క్రోమియంని కనిపెట్టిందే 1797లో, కాబట్టి అది కనిపిస్తే రినైసాన్స్ మాట ఎత్తక్కర్లేదు. లోపల చెయ్యిపెట్టి తడిమి, అచ్చు రెండు ముక్కలు అతికిన గీత తగులుతుందేమో చూడండి. అచ్చు ఉన్నంత మాత్రాన కొత్తది అనలేం, అప్పుడూ అచ్చులు వాడేవాళ్లు. కానీ గోడ మందం అంతా ఒకే తీరుగా, లోపల నున్నగా ఉంటే 19వ శతాబ్దం వైపు మొగ్గు.

అరిగిన తీరు కూడా మాట్లాడుతుంది. అసలు పాతదైతే మూతి అంచుల్లో, పిడుల వంపుల్లో గ్లేజు చిట్లి కింద మట్టి కనిపిస్తుంది. దానికోసమే ఆకురాయితో గీకి ముసలితనం తెచ్చేవాళ్లూ ఉన్నారనుకోండి.

ట్రెంటన్ బాబాయ్
అందరికీ ధన్యవాదాలు. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ అడిగితే అనుమానంగా చూసింది గానీ ఇచ్చింది. ఫెల్టు వచ్చేసింది. రంధ్రం ఉన్నదాని కింద ఏమీ లేదు. సరిగ్గా నడుమనే తొలిచారు, ముద్ర ఉండి ఉంటే అందులోనే పోయి ఉంటుంది. రెండోదాని కింద నీలం గీతతో ఒక కోడిపుంజు ఉంది! నాలుగైదు గీతల్లో వేసేశాడు, మెడ చాచి కూస్తున్నట్టు. అక్షరాలేవీ లేవు. పచ్చరంగు చిక్కగా, గీసిన చోటే ఉంది. లోపల అతుకు గీత తగిలింది. ఫొటోలు పైన చేర్చాను.

కాకినాడ కాజా
కోడిపుంజు అన్నాక మా గోదావరి వాళ్లని అడక్కుండా నిర్ణయం చేయకూడదు. కాకి కాదు, నెమలి కాదు, ఒళ్లంతా నీలం. సంక్రాంతి బరిలో ఇలాంటి దాన్ని చూడలేదు. పందెం కాయను.

ఆర్నో ఒడ్డు
కాంతగాల్లీ! ఇంటిపేరులోనే కూసే కోడి ఉంది, అందుకే ఆ గుర్తు. ఫ్లోరెన్స్‌లో కుటుంబం నడిపే మామూలు కుండల కార్ఖానాని 1878లో ఉలిస్సే కాంతగాల్లీ తన చేతిలోకి తీసుకుని కళాత్మక మయోలికా వైపు తిప్పాడు. ఉర్బినో గ్రోతెస్కె ఒక్కటే కాదు, దెరూతా పళ్లేలు, దెల్లా రోబ్బియా తెలుపు నీలం శిల్పాలు, స్పెయిన్ లస్టర్, టర్కీ ఇజ్నిక్ పూలు, అన్నీ చేయించాడు. ఇంగ్లండు కుమ్మరి విలియం దె మోర్గన్ ఆరోగ్యం బాగోక చలికాలాల్లో ఫ్లోరెన్స్‌లో ఉండేవాడు, 1890ల్లో ఆయన డిజైన్లు కూడా ఇక్కడ తయారయ్యాయి. ఉలిస్సే 1901లో చనిపోయాడు, కార్ఖానా ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

ఆ కోడిని పనివాళ్లు ఎవరికి వారు చేత్తో వేసేవారు, అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. మీది అచ్చులా కాకుండా వేగంగా గీసినట్టుంది, మంచి సూచన.

గుంటూరు ఘాటు
ముద్ర ఉంది కాబట్టి సరే, టూరిస్టు దుకాణం అన్నది పక్కన పెడదాం. మరి సంవత్సరం ఎలా తేలుస్తారు?

పాతసామాను
కచ్చితంగా తేలదు. ఒక ఆధారం ఉంది. అమెరికాలో 1890 మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం మరుసటి ఏడాది నుంచి దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలి. దుకాణాలకి పంపిన సరుకు మీద "ఇటలీ" అని కనిపించేది అందుకే. మీ దాని మీద లేదు. చాలామంది ఇక్కడే "అయితే 1891కి ముందుదే" అని ఎగిరి గంతేస్తారు. కానీ యాత్రికులు ఫ్లోరెన్స్‌లో కొని సొంత సామానుతో తెచ్చుకున్న వాటికి ఈ ముద్ర అక్కర్లేదు. అచ్చు పని, రంగులు, ముద్ర తీరు కలిపి చూస్తే 1880లకీ 1900కీ మధ్య అని నా అంచనా.

రంధ్రం సంగతి: అమెరికాలో ఇలాంటి కూజాలని టేబుల్ లాంప్‌లుగా మార్చే పిచ్చి ఉండేది, వైరు దూర్చడానికి అడుగు తొలిచేవాళ్లు. బాధాకరమే. దానివల్ల ఆ ఒక్కదాని ధర బాగా తగ్గుతుంది. విడివిడిగా అమ్మకండి, జతగానే విలువ. అతినీలలోహిత టార్చ్ ఒకటి కొని చీకటి గదిలో చూడండి, విరిగి అతికించి రంగు పూసిన చోట్లు వేరేగా మెరుస్తాయి. పాము పిడులు ముందు చూడండి, తేలిగ్గా విరిగేవి అవే.

చార్మినార్ చాయ్
థర్మోలూమినిసెన్స్ అని ఏదో పరీక్ష ఉంటుంది కదా, చేయించకూడదా?

పాతసామాను
ముద్ర దొరికాక అనవసరం. మట్టి ఆఖరిసారి ఎప్పుడు కాలిందో లెక్కకట్టే పరీక్ష అది, అడుగున చిన్న చిటికెడు పొడి తొలవాలి. 1550కీ 1880కీ తేడా చెబుతుంది గానీ 1885కీ 1895కీ చెప్పలేదు. ఉన్న రంధ్రం చాలు బాబాయ్‌కి.

ట్రెంటన్ బాబాయ్
టార్చ్ వేసి చూశాను. ఒక పాము తోక దగ్గర, మూతి అంచులో ఇంకోచోట తేడాగా మెరిసింది. మిగతాదంతా శుభ్రంగా ఉంది. అమ్మే ఉద్దేశం లేదు. మా ఆవిడ రంధ్రం ఉన్నదాన్ని మళ్లీ లాంప్ చేసుకుందాం అంటోంది, మంచిదానిలో బంతిపూలు పెడతానంటోంది. రెండూ చేయొచ్చా?

మట్టిచేతులు
పూలు పెట్టొచ్చు, నీళ్లు నేరుగా పోయొద్దు. గ్లేజులో సన్నటి పగుళ్లు ఉంటే నీళ్లు మట్టిలోకి దిగి మరక కడుతుంది. లోపల సన్నటి స్టీలు గ్లాసు దించి అందులో పూలు పెట్టమనండి. సీసం గ్లేజు కాబట్టి అందులో తినేవి, తాగేవి మాత్రం ఎప్పుడూ పెట్టకండి. డిష్‌వాషర్, బ్లీచ్ దగ్గరికే రానివ్వద్దు, మెత్తటి గుడ్డ కొద్దిగా తడిపి తుడిస్తే చాలు.

లాంప్ విషయానికొస్తే, రంధ్రం ఎలాగూ ఉంది, కొత్తగా తొలిచేదేమీ లేదు. వైరు కోసం రాడ్డు బిగించేటప్పుడు పైనా కిందా రబ్బరు వాషర్లు వేయించండి, నట్టు చేత్తో బిగిస్తే చాలు, స్పానర్ వద్దు. ఎల్ఈడీ బల్బు పెట్టండి, వేడి తక్కువ.

కాకినాడ కాజా
బాబాయ్, కోడిపుంజు ఉన్నదాన్ని గోడ వైపు పెట్టకండి. రేపు చుట్టాలొస్తే ఎలాగూ తిప్పి చూపించేది అదే.

ట్రెంటన్ బాబాయ్
అడుగున ఉన్నదాన్ని ఎటు పెడితే ఏం కనిపిస్తుంది కాజా! ఫొటో తీసి ఫ్రేము కట్టిస్తాను. కొత్త ఫెల్టు కూడా ఈసారి రింగులా, ముద్ర కనిపించేట్టు అంటిస్తున్నాను. వైరింగ్ అయ్యాక ఫొటో పెడతాను.